నీళ్ళెటు పోతాయిరా?

"బేస్‌మెంటు పూర్తి చేద్దామనుకుంటున్నాను నాన్నా" అని ఫోన్లో చెప్పగానే అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఇల్లు కొని ఆరేళ్ళైందన్నావు. ఇంకా బేస్‌మెంటు దగ్గరే ఉందా? మరి మీరుంటంది ఎక్కడ్రా?"

తప్పు ఆయనది కాదు. మన వైపు బేస్‌మెంటు అంటే పునాది మీద రెండు మూడడుగులు పైకి లేపి, మట్టి నింపి, గట్టిగా దిమ్మిస చేసే ఎత్తు. "బేస్‌మెంటు దాకా లేచింది, డబ్బులైపోయి ఆపాం" అనే మాట ఏ పల్లెలోనైనా వినిపిస్తుంది. నాన్న నలభై ఏళ్ళు తాపీ మేస్త్రి. ఎన్ని వందల బేస్‌మెంట్లు లేపాడో ఆయనకే లెక్క లేదు. అన్నీ నేలకి పైనే. నేలలోకి ఎనిమిదడుగులు తవ్వి, గోడలు పోసి, ఆ గొయ్యి మీద ఇల్లు నిలబెడతారని వీడియోలో మెట్లు దిగి చూపించాను. బూడిదరంగు కాంక్రీటు గోడలు, ఇనుప స్తంభాలు, తలమీద బారులుగా కర్ర దూలాలు, మూలన ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, అట్టపెట్టెలు. అంతా చూసి ఒకటే అడిగాడు.

"వానొస్తే నీళ్ళెటు పోతాయిరా?"

అప్పుడు నవ్వాను. తర్వాత ఏడాదిన్నర పాటు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే నా పనైంది.

మేముండేది షికాగోకి పడమరగా ముప్పై మైళ్ళ దూరంలో, నేపర్విల్‌లో. ఇల్లు 1996లో కట్టింది. ఇక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది. గడ్డకట్టిన మట్టి ఉబ్బి పునాదిని ఎత్తేయకుండా ఉండాలంటే దాన్ని 42 అంగుళాల కిందికి దించాలి. ఎలాగూ మూడున్నర అడుగులు తవ్వక తప్పదు, ఇంకో నాలుగడుగులు తవ్వితే కింద ఒక అంతస్తే వస్తుంది. అందుకే ఈ వైపు దాదాపు ప్రతి ఇంటికీ ఇది ఉంటుంది. డాలస్‌లో ఉన్న మా బావమరిదికి ఈ బాధ లేదు. అక్కడ చలి లోతుకి దిగదు, పైగా నేల మన నల్లరేగడి లాంటిది, వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది. వాళ్ళు నేల మీదే ఒక పలక పోసి ఇల్లు కట్టేస్తారు. "బేస్‌మెంట్లో ఎలకలుంటాయా బావా?" అని అడుగుతుంటాడు. ఉంటాయి.

మేం ఆరేళ్ళు దాన్ని సామాన్ల కొట్టులాగే వాడుకున్నాం. మార్చింది 2021 జూన్ 20 రాత్రి. ఆదివారం, పదకొండు గంటలప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి అరిచాయి, బయట సైరన్ మొదలైంది. టోర్నడో. పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకుని కిందికి దిగాం. చల్లటి గచ్చు మీద దుప్పటి పరిచి, బతుకమ్మ చీరల పెట్టెకీ పాత టీవీ పెట్టెకీ మధ్యన ఇరుక్కుని గంటసేపు కూర్చున్నాం. చిన్నది "ఇక్కడ వాసన బాగాలేదు" అని మళ్ళీ నిద్రపోయింది. మాకేమీ కాలేదు. మూడు మైళ్ళ అవతల ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. తర్వాత దాన్ని సుడిగాలి తీవ్రతకి సున్నా నుంచి ఐదు దాకా వేసే లెక్కలో ఈఎఫ్-3 అని తేల్చారు.

మర్నాడు నాన్నకి చెప్తే ఆయనకి వింతగా తోచింది సుడిగాలి కాదు. "గాలొస్తే కిందికి దిగారా?" అన్నాడు. మాది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి ఇరవై మూడు. ఆ రాత్రి గురించి ఎక్కువ మాట్లాడడు. ఎత్తు దొరికినవాళ్ళు బతికారని మాత్రం అంటాడు. అలాంటి మనిషికి ఆపదొస్తే గోతిలోకి దిగడమేమిటో ఎంత చెప్పినా ఒంటబట్టలేదు. ఆయన నీళ్ళ ప్రశ్నకి వెనకాల ఏముందో నాకు అప్పుడు తట్టలేదు, నెమ్మదిగా తట్టింది.

2022 మార్చిలో ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిచాను. సుమారు 850 చదరపు అడుగులు: ఒక పెద్ద హాలు, ఒక పడకగది, ఒక బాత్రూమ్. 58 వేల డాలర్ల నుంచి 74 వేల దాకా చెప్పారు. ముగ్గురిలో ఒక్కడు కూడా గోడ మీద చెయ్యి పెట్టి చూడలేదు. టీవీ ఎక్కడ, బార్ కౌంటరు ఎక్కడ, ఇవే ప్రశ్నలు. బార్ కౌంటరు లేని తెలుగువాళ్ళ బేస్‌మెంటు ఉంటుందని ఒకాయన నమ్మలేకపోయాడు. నిజమే, మా స్నేహితుల ఇళ్ళల్లో అది తప్పనిసరి. దాని మీద బిర్యానీ ట్రేలు తప్ప ఇంకేం పెట్టగా నేనైతే చూడలేదు.

నాన్నేమో "ఒక వానాకాలం చూడకుండా గోడకి ఏదీ కప్పొద్దు" అన్నాడు. సరే, చూశాను. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో వానలు బాగానే పడతాయి.

మొదటి పని, గోడల పైసగానికి బిల్డరు తగిలించిపోయిన తెల్ల తొడుగు పరుపుల్లాంటివి ఉంటాయి, లోపల గాజుదూది. ఒక చోట కోసి చూశాను. దూది వెనకవైపు మినప్పప్పు పొట్టు చల్లినట్టు నల్లటి బూజు. చిన్నది చెప్పిన వాసన అదే. గోడ కారడం లేదు, అయినా తడి. ఎందుకంటే ఎండాకాలపు ఉక్కగాలి మెల్లగా ఆ దూదిలోంచి వెనక్కి వెళ్ళి చల్లటి కాంక్రీటుకి తగిలి నీరవుతుంది. చల్లనీళ్ళ చెంబుకి పైన చెమట పట్టినట్టే. చెంబైతే గుడ్డతో తుడుస్తాం, గోడ వెనకాల ఎవరు తుడుస్తారు?

రెండోది నేల. రెండడుగుల ప్లాస్టిక్ కాగితం ముక్కలు నాలుగు మూలలా గచ్చు మీద పరిచి, అంచులు టేపుతో మూసి, రెండు రోజులు వదిలేశాను. కాగితం కింద తడి కనిపిస్తే నేలలోంచి వస్తున్నట్టు, పైన కనిపిస్తే గాలిలోంచి. మూడు చోట్ల పొడిగా ఉంది. ఈశాన్యం మూల మాత్రం కాగితం కింద ముత్యాల్లా నీటిచుక్కలు. మా ఆవిడ "ఈశాన్యంలో నీళ్ళుండటం మంచిదే కదా" అంది. వాస్తు నిజంగా పనిచేసిన ఒకే ఒక్క చోటు మా ఇంట్లో అదే.

ఆ మూల బయటికి వెళ్ళి నాన్నకి వీడియోలో చూపించాను. ఆయనకి పట్టింది పది సెకన్లు. "చూరు నీళ్ళు గోడ మొదట్లోనే పడుతుంటే లోపల తడవక ఏమైద్దిరా? ఆ మట్టి చూడు, ఇంటి వైపుకే వాలి ఉంది." పాతికేళ్ళలో గోడ పక్క మట్టి కుంగి, బయటికి వాలాల్సింది లోపలికి వాలింది. కప్పు మీది నీళ్ళన్నీ ఒక గొట్టంలోంచి సరిగ్గా అక్కడే దిగుతున్నాయి. రెండు శనివారాలు మట్టి మోశాను. మొదటి పదడుగుల్లో ఆరంగుళాల వాలు వచ్చేలా బంకమట్టి కొట్టి, గొట్టానికి పదడుగుల పొడిగింపు పెట్టాను. ఖర్చు రెండు వందల డాలర్ల లోపే. జూన్‌లో మళ్ళీ కాగితం పరిస్తే పొడి. అరవై వేల డాలర్ల పనికి వచ్చిన ముగ్గురికీ కనపడనిది ఎనిమిది వేల మైళ్ళ అవతల నుంచి ఫోన్లో ఆయనకి కనపడింది. ఇది గొప్ప చెప్పుకోవడమే, కాదనను.

ఇక సంప్. పునాది చుట్టూ మట్టిలో చిల్లుల గొట్టం ఉంటుంది, ఊరిన నీళ్ళన్నీ దాంట్లోంచి ఒక మూలన ఉన్న గుంటలోకి చేరతాయి, గుంటలో పంపు వాటిని బయటికి తోస్తుంది. "కరెంటు పోతే?" అన్నాడు నాన్న. పోయేది సరిగ్గా గాలివానప్పుడే, పంపు కావలసిందీ అప్పుడే. పక్కనే ఇంకో పంపు, బ్యాటరీతో నడిచేది పెట్టించాను. ఇంకో సంగతి, మామూలు ఇంటి ఇన్సూరెన్సులో ఈ గుంట పొంగితే జరిగే నష్టం కలిసి ఉండదు, విడిగా చేర్పించుకోవాలి. నేను పాలసీ చదివింది అప్పుడే. మీరు కూడా ఒకసారి చదవండి.

సెప్టెంబరులో సిటీ పర్మిట్ తీసుకుని పని మొదలుపెట్టాను. కరెంటు, ప్లంబింగ్, కిటికీ పనులు లైసెన్సు ఉన్నవాళ్ళకి ఇచ్చాను, మిగతాది నేను. గోడలకి ముందు రెండంగుళాల గట్టి ఫోమ్ పలకలు కాంక్రీటుకే అతికించి, అతుకులన్నీ టేపు వేశాను. ఇక ఉక్కగాలికి చల్లటి గోడ తగలదు. దాని ముందు కర్ర చట్రం. కింద వేసే కర్ర మందు పట్టించిన ఆకుపచ్చటిదై ఉండాలి. "చెక్కకి గచ్చు తగలనివ్వకు" అని మేస్త్రి గారు ముందే హెచ్చరించారు కాబట్టి దాని కింద సన్నటి ఫోమ్ పట్టీ కూడా.

మొదటి గోడ కథ చెప్పాలి. యూట్యూబులో చూసినట్టు నేల మీద పడుకోబెట్టి, పదహారు అంగుళాలకో నిలువు కర్ర చొప్పున మేకులు కొట్టి, పన్నెండడుగుల చట్రం తయారుచేశాను. ఎత్తు దూలం దాకా కొలిచి వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. పెద్దాడూ నేనూ కలిసి లేపితే ముప్పాతిక దాకా లేచి దూలానికి తన్నుకుని ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పడుకున్నది నిలబడేటప్పుడు మూల నుంచి మూలకి ఉన్న పొడుగు అసలు ఎత్తు కన్నా ఎక్కువై అడ్డమొస్తుందని, దానికి తోడు గచ్చు డ్రెయిన్ వైపుకి వాలి ఉంటుందని నాకు తట్టలేదు. పెద్దాడు ఒక చేత్తో గోడని పట్టుకుని ఇంకో చేత్తో తాతకి వీడియో కాల్ చేశాడు. అవతల అమ్మా నాన్నా, వచ్చిన పాలవాడూ అందరూ చూసి నవ్వారు. "సందుంచుకోవాలిరా. సందు లేకుండా తలుపైనా మూసుకోదు" అన్నాడాయన. విప్పి, అరంగుళం తగ్గించి, పైన చీలికలు కొట్టి బిగించాను. మిగతా గోడలన్నీ నిలబెట్టిన చోటే ఒక్కో కర్రా కొట్టుకుంటూ కట్టాను. నెమ్మది, కానీ పరువు దక్కింది.

కరెంటు దగ్గర ఒక సంతోషం. ఒహాయోలో ఉన్న స్నేహితుడు "పసుపు వైరు లాగేసి మేకులు కొడితే ఒక్క రోజు పని" అన్నాడు. షికాగో చుట్టుపక్కల అది కుదరదు, వైరంతా ఇనుప గొట్టంలోనే వెళ్ళాలి. మా ఎలక్ట్రీషియన్ అరవై ఏళ్ళ మనిషి, పదడుగుల గొట్టాన్ని బెండరులో పెట్టి, కాలితో ఒక్క తొక్కు తొక్కి, కళ్ళతోనే కోణం చూసుకుని వంచేవాడు. రెండోసారి సరిచేయడం నేను చూడలేదు. నాన్న అది చూసి "పైపులో వైరు లాగకపోతే మరెట్టా లాగుతారు?" అన్నాడు. మన ఇళ్ళల్లో ఉన్నదే కదా.

పడకగది అన్నాక కిటికీ కావాలి. ఏదో వెలుతురు కోసం కాదు. నిప్పంటుకుంటే లోపలివాళ్ళు బయటికి రావాలి, వీపున సిలిండరు ఉన్న ఫైర్‌మన్ లోపలికి రావాలి. అందుకని తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ, కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి. కింది అంచు గచ్చు నుంచి 44 అంగుళాలకి మించకూడదు. మాకున్నవి పిల్లి దూరే కిటికీలు. తెలిసిన ఒక కుటుంబం పర్మిట్ లేకుండా, కిటికీ లేకుండా గది కట్టించుకుని, ఇల్లు అమ్మేటప్పుడు దాన్ని పడకగది అని చెప్పుకోలేక ధర తగ్గించుకున్నారు. మేం కాంక్రీటు కోయించాం. నీళ్ళు చిమ్ముకుంటూ తిరిగే వజ్రపు రంపం, పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి తలుపంత ముక్కని ఊడదీశారు. 5,400 డాలర్లు. "గోడకి కన్నం వేసినందుకు వాళ్ళకే డబ్బులిచ్చారా?" అని అమ్మ. నాన్నది మాత్రం పాత ప్రశ్నే: బయట తవ్విన ఆ కిటికీ గుంటలో పడ్డ నీళ్ళెటు పోతాయి? ఈసారి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. గుంట అడుగున కంకర, కంకర కింద గొట్టం, గొట్టం పునాది చుట్టూ ఉన్న దాంట్లోకి, అక్కణ్ణించి సంప్‌కి. "ఊఁ" అన్నాడు. ఆయన నుంచి వచ్చిన మార్కుల్లో అది నూటికి తొంభై.

సిటీ ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వచ్చి, ఒకసారి తప్పు పట్టాడు. గొట్టాలు దాచడానికి కట్టిన పెట్టె దగ్గర నిప్పు గోడలోంచి కప్పులోకి పాకకుండా అడ్డుచెక్కలు వేయలేదు. వేశాను. బాత్రూమ్ సంగతి చెప్పడానికేమీ లేదు, గొట్టాలు బిల్డరు వదిలేసి పోయినవే, మురుగు పైకి తోయడానికి ఇంకో పంపు పెట్టారు, అయిపోయింది. చట్రం మీద డ్రైవాల్, అంటే జిప్సం పలకలు, తగిలించడం మేమే చేశాం. అతుకుల మీద పూత పూయడానికి ఇద్దరు వచ్చారు, కాళ్ళకి పొడుగు కర్రలు కట్టుకుని కప్పు కింద నడుస్తూ మూడు రోజుల్లో ముగించారు. టీవీ వెనక గోడ ఒక్కటీ నేనే పూస్తానన్నాను. మేస్త్రి కొడుకుని కదా.

రేడాన్ గురించి చెప్పడం మర్చిపోయాను. అసలు గోడలకన్నా ముందే చూడాల్సింది అది. నేలలో ఉన్న యురేనియం నుంచి పుట్టే గాలి, రంగూ వాసనా ఉండదు, గచ్చు పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. చలికాలంలో వెచ్చటి గాలి పైకి పోతూ కింది నుంచి లాక్కుంటుంది కాబట్టి అప్పుడు ఎక్కువ. అమెరికాలో పొగతాగనివాళ్ళకి ఊపిరితిత్తుల కేన్సర్ తెప్పించే వాటిలో మొదటిది ఇదే. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతని కొలిచే లెక్క) దాటితే ఏదో ఒకటి చెయ్యమని ప్రభుత్వం చెప్తుంది. మాది 7.8. ఆరేళ్ళుగా చిన్నది కింద బొమ్మలతో ఆడుకునేది. ఆ రాత్రి నాకూ మా ఆవిడకీ నిద్ర పట్టలేదు. లైసెన్సు ఉన్న మనిషొచ్చి గచ్చుకి కన్నం పెట్టి, తెల్ల గొట్టం దించి, ఇంటి కప్పు పైదాకా తీసుకెళ్ళి, దానికి ఎప్పుడూ తిరిగే ఫ్యాను పెట్టాడు. గచ్చు కింది గాలిని అక్కడి నుంచి అక్కడికే బయటికి లాగేస్తుంది. ఇప్పుడు 1.1. పాత ఇల్లున్నవాళ్ళు వేరే ఏం చేసినా చేయకపోయినా ఈ పరీక్ష చేయించండి, ఖర్చు ఒక పూట హోటలు భోజనమంత.

అన్నీ కలిపి 33 వేలయ్యాయి. మర్నాటి ఏడాది ఇంటి పన్ను కూడా పెరిగింది, సిటీకి అంతా తెలుసు.

2023 జులైలో అమ్మా నాన్నా వచ్చారు. ఆ పడకగది వాళ్ళ కోసమే అనుకున్నాం. అమ్మ పదమూడు మెట్లూ పైనుంచి చూసి, మోకాళ్ళు చూసుకుని, "నేను దిగను, పైనే పడుకుంటా" అంది. ఇన్ని కొలతలు కొలిచినవాణ్ణి, అమ్మ మోకాళ్ళు మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడా గదిలో పెద్దాడు ఉంటున్నాడు.

నాన్న దిగాడు. కొత్త నేల, లైట్లు, సోఫా, వేటినీ చూడలేదు. గోడ వెంట అరచెయ్యి రాసుకుంటూ నడిచాడు. టీవీ గోడ మధ్యకొచ్చాక చెయ్యి ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ఆగింది. సాయంత్రం పక్క వెలుతురు పడితే తప్ప కనపడని ఉబ్బు అక్కడ ఒకటుంది. "ఇది నువ్వు పూసిందేగా" అన్నాడు. తర్వాత నేరుగా ఫర్నేసు గదిలోకి వెళ్ళి, సంప్ మూత తీయించి, ఫోను లైటు వేసి చూసి, మూత పెట్టించాడు.

ఆ గదిలోనే రేడాన్ గొట్టం ఉంది. దాని మీద యూ ఆకారంలో వంచిన చిన్న గొట్టం, అందులో ఎర్రనీళ్ళు. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు దిగువగా ఉంటాయి. ఆయన అక్కడ నిలబడిపోయాడు. నలభై ఏళ్ళు పునాదులకి మట్టం చూసింది లెవెలు పైపుతోనే. పారదర్శకపు గొట్టంలో నీళ్ళు పోసి, ఆ కొస ఒకడు, ఈ కొస ఒకడు పట్టుకుంటే, రెండు చోట్లా నీళ్ళు ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే పని ఆగాలి.

"లెవెలు తప్పిందిరా ఇది."

"తప్పే ఉండాలి నాన్నా. ఫ్యాను లాగుతుంటే తేడా ఉంటుంది. సమానమైందంటే ఫ్యాను ఆగిపోయినట్టు."

నమ్మలేదు. ఫ్యాను ఆపి చూపించమన్నాడు. ఆపాను. ఎర్రనీళ్ళు రెండు వైపులా మెల్లగా జరిగి ఒక గీత మీదికి వచ్చి నిలబడ్డాయి. మళ్ళీ వేశాను, విడిపోయాయి. ఇంకోసారి ఆపమన్నాడు.

ఉన్న ఐదు నెలలూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, రెయిలింగు పట్టుకుని కిందికి దిగేవాడు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా సరే తలుపు దగ్గర నిలబడి చెప్పి వెళ్ళేవాడు.

"ఈ రోజు కూడా సమానం కాలేదురా."